మూసిన వాల్వు నుంచి

ఆ ఎండాకాలమంతా మా వెనక గది కిటికీలు మూసే ఉంచాను. నరసరావుపేటలో మే నెలలో కిటికీలు బిగించుకుని కూర్చునేవాణ్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఆవిడకి రాలేదు. "ఫ్యానన్నా వేసుకోండి, ఉడికిపోతారు" అంది. ఫ్యాను వేయకూడదు. నాకు కావలసింది కదలని గాలి.

నేను ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీలో చేరాను. అణువులతో సమాచారం పంపడం నా అంశం. అదేమిటని అడిగినవాళ్ళకి ఇలా చెప్పేవాణ్ని: మనిషి ఒంట్లోకి పంపే అతి చిన్న యంత్రాల గురించి ప్రపంచమంతా ఆలోచిస్తోంది. వాటికి సెల్‌ఫోన్‌లా యాంటెన్నా పెట్టడం కుదరదు. ఒంట్లో కణాలు ఎలా కబుర్లు పంపుకుంటాయో అవీ అలాగే పంపుకోవాలి. ఒకటి కొన్ని అణువుల్ని వదులుతుంది, అవి మెల్లగా పాకుతూ పోతాయి, అవతలిది పట్టుకుంటుంది. వదిలితే ఒకటి, వదలకపోతే సున్నా. పక్కింట్లో చేపలు వేయిస్తే మనకి తెలియదా, అలాగే.

కాగితం మీద ఈ పని చాలాకాలం హాయిగా సాగింది. కాగితం మీద ట్రాన్స్‌మిటర్ అంటే ఒక చుక్క. దానికి పొడవూ వెడల్పూ ఉండవు. చెప్పిన క్షణంలో అణువులన్నిటినీ ఒక్కసారిగా వదిలి, మరుక్షణం నోరు మూసుకుంటుంది. దాని నిల్వ తరగదు. అలాంటిది ఎక్కడా లేదని ఈ పని చేసే అందరికీ తెలుసు. లెక్క తేలికవుతుందని దాన్నే పట్టుకుని ఉంటాం. ఒకరోజు మా గైడ్ ఫోన్ చేసి, "ఆ చుక్కని ఇక వదిలేయండి. నిజంగా పనిచేసే ట్రాన్స్‌మిటర్ చేసి చూపించండి. తలుపు తెరవడానికి కొంతసేపు పడుతుంది, మూయడానికి కొంతసేపు పడుతుంది, లోపల సరుకు తగ్గుతుంది. అవన్నీ ఉన్నది కావాలి" అన్నారు.

ఒంట్లోకి పంపేంత చిన్నది నావంటివాడు చేయలేడు. బల్ల మీద పెద్ద నమూనా చేయొచ్చు. ఒక పలక, దాని ఒక చివర చిన్న డబ్బా, పంపు, వాల్వు, నాజిల్. ఇంకో చివర వాసన పసిగట్టే సెన్సరు. సెన్సర్లలో చవకగా దొరికేది ఆల్కహాల్‌ది, తాగి బండి నడిపేవాళ్ళ చేత ఊదించే మిషన్ల బాపతు. అందుచేత నా అక్షరాలన్నీ స్పిరిట్‌తో రాయాల్సి వచ్చింది. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అడిగి ఒక సీసా తెచ్చుకున్నాను. కాలేజీ ల్యాబ్‌లో ఫ్యాన్లు ఆపడానికి పిల్లలు ఒప్పుకోరని ప్రయోగం ఇంట్లో పెట్టుకున్నాను.

అప్పటికి మా తమ్ముడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. తాగుడు మానడానికి వచ్చాడు.

మాది రెంటచింతల. వాడు అక్కడే బోర్ల మోటార్లు బిగించే పని చేసేవాడు. పని బాగా తెలిసినవాడు, సాయంత్రమయితే మనిషి కాడు. వాడి భార్య కొన్నేళ్ళు చూసి, కూతుర్ని తీసుకుని వెల్దుర్తిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాడు చర్చిలో ఫాదర్ ముందు నిలబడి మానేస్తానని మాటిచ్చాడు. ఊళ్ళో ఉంటే స్నేహితులు నిలవనివ్వరని నా దగ్గరికి వచ్చాడు. బస్టాండు వెనక, పురుగుమందు కొట్టే పంపులు బాగుచేసే ఒక భాయ్ షాపులో పనికి కుదిరాడు. వెల్దుర్తి నుంచి వాడి మామగారు ఒక్కటే మాట కబురు చేశాడు: బడులు తెరిచేలోపు వచ్చి చూస్తా, మనిషి నికరంగా ఉంటే నా కూతుర్నీ మనవరాలినీ పంపిస్తా, పాపని నరసరావుపేటలోనే బడిలో వేసుకోండి. లేకపోతే వెల్దుర్తి బడిలో వేస్తా, ఇంక ఆ సంగతి ఎత్తొద్దు.

తమ్ముడు దాని కోసమే బతుకుతున్నట్టు ఉండేవాడు. షాపు నుంచి రాగానే వంటింటి గడప దగ్గర నిలబడి, "వదినా, అటెండెన్స్" అని నోరు తెరిచి గట్టిగా ఊదేవాడు. ఎవరూ అడగలేదు, వాడే మొదలుపెట్టాడు. మా ఆవిడ చేతిలో గరిటె ఆపి వాసన చూసి, "పచ్చి ఉల్లిపాయ తిన్నావు. పో, మొహం కడుక్కో" అనేది. ఒకరోజు "మిరపకాయ బజ్జీ", ఒకరోజు "బీడీ, భాయ్ దగ్గర నేర్చావా ఏంది?" నేను వెనక గదిలో కూర్చుని ఈ మాటలు వినేవాణ్ని. బయటికి వచ్చి ఎప్పుడూ వాళ్ళతో నవ్వలేదు.

నా ట్రాన్స్‌మిటర్‌కి వాల్వు, నాజిల్ చేసిపెట్టింది తమ్ముడే. పాత పంపుల సామాను విప్పి చిన్నవి ఏరి బిగించాడు. నేను షాపుకి వెళ్ళినప్పుడు భాయ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంది సార్ ఇది? ఎవరి చేలో కొడతారు ఇంత బుడ్డి పంపుతో?"

"మాటలు పంపేదానికి భాయ్."

"మాటలకి పంపెందుకు సార్? మా ఇంటామెని పంపిస్తా, పేట మొత్తానికి చాలుద్ది."

అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వి, వాల్వు నాకిస్తూ గొంతు తగ్గించి అన్నాడు: "నీళ్ళు పోసి చూశా అన్నా, చుక్క కారట్లా. నీ స్పిరిట్టు మాత్రం నువ్వే పోసుకో. నా ముందు మూత తియ్యమాక."

సరే అన్నాను. వాడు అడిగింది అక్షరాలా పాటించాను. వాడి ముందు ఎప్పుడూ సీసా మూత తియ్యలేదు. వాడు పడుకునే హాలుకి ఆనుకుని ఉన్న గదిలో తీశాను. ఆ గది తలుపు కింద వేలు పట్టేంత సందు ఉంది. గది పక్కన ఇంకో మనిషి ఊపిరి పీలుస్తున్నాడని నాకు తట్టలేదు. నేను కాగితం మీద గీసుకున్న బొమ్మలో పంపేది ఒకటే, అందుకునేది ఒకటే.

ప్రయోగం మొదటి నుంచీ ఒక చోట సతాయించింది. వాల్వు తెరిస్తే, సెన్సరుకి తగిలించిన నా ఫోన్‌లో గీత లేచేది, బాగానే ఉంది. మూస్తే దిగాలి. దిగేది, కానీ నేలకి ఆనేది కాదు. ముందు పంపిన అక్షరం తోక వెనక అక్షరం మీద పడేది. సెన్సరు తేరుకోవడానికి టైము పడుతుందిలే అనుకున్నాను. సెన్సర్లకి ఆ జబ్బు ఉన్న మాట నిజమే. అందుకని రోజూ పని మొదలుపెట్టేటప్పుడు గీత ఎక్కడుంటే దాన్నే సున్నా అనుకోమని ప్రోగ్రాములో రాశాను. ఇవాళ్టి సున్నా నిన్నటి సున్నా కంటే ఎత్తులో ఉంటే ఆ తేడా అక్కడే చెరిగిపోతుంది. నా ముక్కు కూడా అదే పని చేసింది. కొన్నాళ్ళకి నాకు గదిలో ఏ వాసనా తెలియడం మానేసింది.

బయట నుంచి వచ్చేవాళ్ళకి తెలిసేది. మా ఆవిడ కూరగాయలకి వెళ్ళి వచ్చి గుమ్మంలో ఆగి, "ఇంట్లో ఏందో వాసన" అనేది. తర్వాత్తర్వాత సాయంత్రం గడప దగ్గర తమ్ముడు ఊదినప్పుడు ఏం తిన్నాడో చెప్పడం మానేసి ఊరికే "సరే పో" అనడం మొదలుపెట్టింది. వాడు "ఏంది వదినా, ఇయ్యాల మార్కులు వెయ్యవా?" అన్నాడు. ఆమె అన్నం వడ్డించింది.

ఆ తర్వాత నాతో అంది, "మీ తమ్ముడు మళ్ళీ మొదలుపెట్టాడేమో అనిపిస్తంది. నాకు తెలియట్లా. ఇల్లంతా అదే వాసన. మీరొకసారి కనుక్కోండి."

"చూస్తాలే" అన్నాను. నా గదిలో స్పిరిట్ ఉందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. కానీ అది డబ్బాలో ఉంది, వాల్వు మూసి ఉంది, మూసిన వాల్వు నుంచి ఏదీ రాదు. వాల్వుకి పాత చరిత్ర లేదు. తమ్ముడికి ఉంది. నేను అంతకు మించి ఆలోచించలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే, అంత కూడా ఆలోచించలేదేమో అనిపిస్తుంది.

మామగారు ఒక ఆదివారం వచ్చాడు. వెల్దుర్తి మెట్ట పొలాల మనిషి, మాటకి ముందూ వెనకా ఉండవు. తమ్ముడు పొద్దున చర్చికి వెళ్ళి వచ్చి, ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. కూతురికని కొన్న కొత్త బడి సంచి కుర్చీ పక్కన పెట్టుకున్నాడు. మామగారు చెప్పులు విప్పి గుమ్మంలో అడుగు పెట్టాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఏంది ఈ వాసన?"

ముక్కు ఎగబీల్చి తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, కల్లు దుకాణమన్నా నయం. ఇల్లంతా కొడతంది గదా!"

"అది అన్న ప్రయోగంది మామా" అన్నాడు తమ్ముడు. "లోపల గదిలో స్పిరిట్ పెట్టుకున్నాడు."

మామగారు నా వైపు చూశాడు. "అంతేనా సారూ?"

నేను అవును అని ఉంటే సరిపోయేది. కానీ నా ప్రయోగం కారుతోందని ఒప్పుకున్నట్టు అవుతుంది. పైగా వారం రోజులుగా మా ఆవిడ అన్న మాట మనసులో ఉంది. "డబ్బా మూసే ఉంది మామగారూ. అయినా ఈ తగువెందుకు, నా దగ్గర మిషన్ ఉంది. ఊదితే తేలిపోతుంది" అన్నాను. న్యాయంగా మాట్లాడానని కూడా అనుకున్నాను.

లోపలికి వెళ్ళి పలకని అలాగే పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాను. డబ్బా, నాజిల్, సెన్సరు అన్నీ దాని మీదే ఉన్నాయి. విప్పడం బద్ధకం. నాజిల్ ఉన్న వైపు తమ్ముణ్ని కూర్చోబెట్టి సెన్సరు వైపు ఊదమన్నాను. వాడు ఊదాడు. గీత నిటారుగా లేచింది.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామగారికి ఆ గీత ఏమిటో తెలియదు, అయినా నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

తమ్ముడు కాసేపు ఫోను వైపు చూశాడు. తర్వాత నాతో, "అన్నా, ఇప్పుడు నువ్వూదు" అన్నాడు.

"నేనెందుకు ఊదాలి?"

"ఒక్కసారి."

"నేను తాగనని ఎవరికి తెలియదురా?"

"తెలిసే అడుగుతన్నా. నువ్వు తాగవు గదా, ఊదు. గీత లేవకపోతే నేను తాగినట్టే."

క్లాసులో పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం అదే. ఏ పరికరంతో కొలిచినా, ఏమీ లేనిచోట అది ఏం చూపిస్తుందో ముందు చూడండి అంటాను. పనీపాటా లేని సాయంత్రం అడిగితే సంతోషంగా ఊదేవాణ్ని. ఆ నలుగురి ముందు, తాగుబోతన్న పేరున్న తమ్ముడి పక్కన కూర్చుని, వాడు ఊదిన చోట ఊదడం నాకు నామోషీ అనిపించింది. స్విచ్ ఆపేశాను. "చాల్లే, నన్ను కూడా దించుతావా దీంట్లోకి" అన్నాను.

మామగారు లేచాడు. మా ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని వెంట వెళ్ళింది. ఆయన తీసుకోలేదు. తమ్ముడు బడి సంచి వైపు ఒకసారి చూసి, దాన్ని అక్కడే వదిలి బయటికి నడిచాడు. ఆ రోజు నుంచి భాయ్ షాపులోనే పడుకున్నాడు.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చాక గదిలో కూర్చున్నాను. ఎవరూ చూడటం లేదు. తమ్ముడు కూర్చున్న వైపు కూర్చుని ఊదాను. గీత నిటారుగా లేచింది. వాడికి ఎంత లేచిందో నాకూ అంతే.

వాల్వు విప్పాను. లోపలి రబ్బరు వాషరు ఉబ్బి, ఒక అంచు మడత పడి ఉంది. నీళ్ళకి ఆగుతుంది, స్పిరిట్‌కి ఆగదు. తమ్ముడు నీళ్ళతోనే పరీక్షించాడు. స్పిరిట్‌తో పరీక్షించడం వాడికి కుదరని పని. ఆ పని చేయాల్సింది నేను. నాజిల్ కింద చెక్క తడిగా ఉంది. అక్కడ పేరుకున్న ఆవిరిని ఎవరి ఊపిరి తోసినా సెన్సరు పలుకుతుంది. పాలు తాగే పిల్ల ఊదినా పలుకుతుంది.

ఆ సాయంత్రమే షాపుకి వెళ్ళి ఉండాల్సింది. షాపు నడిచి వెళ్ళే దూరం. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, మూసి ఉన్న వాల్వు నుంచి ఎంత కారుతోందో కొలవడం మొదలుపెట్టాను. మర్నాడూ కొలిచాను. ఎందుకంటే గైడ్ అడుగుతున్నది సరిగ్గా ఇదే. తెరిచినప్పుడు వదిలేదాని గురించి అందరూ రాస్తారు. మూసినప్పుడూ వదిలేదాని గురించి, ఆ కారడం వల్ల సున్నా ఒకటిలా కనపడటం గురించి రాస్తే అది ఒక అధ్యాయం అవుతుంది. అయింది కూడా. గైడ్ చదివి, "ఇదీ నిజమైన ట్రాన్స్‌మిటర్ అంటే" అన్నారు. తర్వాత వైవాలో ఒకాయన, ఈ కారడం మీ దృష్టికి ఎలా వచ్చిందని అడిగాడు. ఇంట్లో వాసన వచ్చిందండీ అన్నాను. అందరూ మెచ్చుకోలుగా నవ్వారు.

మా ఆవిడతో మాత్రం వాషరు పాడయిందని చెప్పి, సామానంతా కాలేజీకి చేర్చాను. ఆమె కిటికీలు తెరిచి, దుప్పట్లూ కర్టెన్లూ తీసి ఉతకడానికి వేసింది. వేస్తూ వేస్తూ ఆగి అడిగింది, "అయితే అబ్బాయి తాగలేదు గదా?" లేదన్నాను. "మరి వాళ్ళకి చెప్పారా?" రుజువులు అన్నీ చూసుకుని వెళ్దామనుకుంటున్నానన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. రుజువు చేతిలోనే ఉంది. చెప్పడానికి వెళ్తే, ఊదమంటే ఊదలేదన్న ముక్కతో మొదలుపెట్టాలి. అది నోట్లోంచి రావడం లేదు.

చివరికి బడులు తెరిచే వారంలో బయల్దేరాను. మాచర్ల బస్సెక్కి అక్కడ మారి వెల్దుర్తి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మామగారు వసారాలో మంచం మీద ఉన్నాడు. నేను జేబులోంచి వాషరు తీసి చూపించి, జరిగింది చెప్పాను. ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూసి మంచం మీద పడేశాడు.

"ఆ రోజు మిషన్ తాగాడంది. ఇయ్యాల రబ్బరు ముక్క తాగలేదంటంది. మీ సామాన్లు ఎన్ని మాటలు చెప్తయ్ సారూ?"

"తప్పు నాది మామగారూ. వాడు తాగలేదు."

"తాగాడు బావగారూ."

ఆ మాట అన్నది తమ్ముడి భార్య. తలుపు పక్కన నిలబడి ఉంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా తల దించుకుని మాట్లాడే మనిషి, అప్పుడు తల ఎత్తే ఉంది.

"ఆ ఆదివారం సాయంత్రం తాగాడు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి తనే చెప్పాడు. మీ నాయన వచ్చినప్పుడు తాగలేదు, వెళ్ళిన తర్వాత తాగాను, రెండూ నిజమే అన్నాడు. మళ్ళీ ముట్టలేదు. ముట్టినా చెప్తానన్నాడు."

"నువ్వు నమ్మావా?" అని అడిగాను.

"తాగానని ఒప్పుకున్నోడు తాగలేదని ఎందుకు అబద్ధమాడతాడు?" గడప దాటి ముందుకు వచ్చింది. "మిమ్మల్ని ఊదమన్నాడంట గదా. ఎందుకు ఊదలేదు?"

దారి పొడుగునా సిద్ధం చేసుకున్న వాక్యాలు ఉన్నాయి. వాటిలో ఇది లేదు. "నేను తాగనని అందరికీ తెలుసు కదా, ఊదడమెందుకు అనుకున్నా" అన్నాను.

"ఆయన తాగుతాడని కూడా అందరికీ తెలుసు గదా. మరి ఆయన్ని ఎందుకు ఊదించారు?"

మామగారు గొంతు సవరించుకుని, "పోన్లేవే అమ్మాయ్, పెద్దాయన ఇంత దూరం వచ్చాడు" అన్నాడు.

"రావాల్సినోడు వచ్చాడు. ఎప్పుడు వచ్చాడో కూడా చెప్పమను" అంది ఆమె. తర్వాత నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "నాయనా, పాపని పేటలోనే వేస్తున్నాం. నేను ముందే అనుకున్నా. ఈయన రాకపోయినా పోయేదాన్నే" అని లోపలికి వెళ్ళింది.

వాళ్ళు భాయ్ షాపు వెనక వీధిలో ఒక పోర్షన్ అద్దెకి తీసుకున్నారు. మా పై వాటా అప్పుడు ఖాళీగానే ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో దిగిన రోజు అన్నానికి రమ్మని తమ్ముడు ఫోన్ చేశాడు, మా ఆవిడకి. ఆమె బడి సంచి దులిపి, దాంట్లో పలకా బలపాలూ పెట్టి తీసుకొచ్చింది. నేను ఆమె వెనక నడిచాను.

గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. వదినని లోపలికి వెళ్ళనిచ్చి, నాకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. మామగారు లోపల కుర్చీలోంచి చూస్తున్నాడు. వాడి భార్య పాపకి జడ వేస్తూ ఆగింది. వీధి అరుగు మీద భాయ్, ఇంకా ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"ఊదు" అన్నాడు.

నవ్వుతున్నాడేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు.

చెప్పులతో ఆ గడప బయట నిలబడి నోరు తెరిచి ఊదాను. వాడు తొందరపడలేదు. మా ఆవిడ గరిటె ఆపి చూసినట్టే తల కొంచెం వంచి చూశాడు.

"టీ తాగావు. అంతే" అని చెయ్యి తీశాడు. "రా."

నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.